మణికట్టు వెనక వైపు

మార్చి నెలలో గుంటూరు గాలికి
తలుపు తట్టే అలవాటుండదు.
మిర్చియార్డు నుంచి నేరుగా వచ్చి
ఎనిమిదో తరగతి బి సెక్షన్లో
వెనక బెంచీ మీద కూర్చుంటుంది.
ఒకడు తుమ్మితే చాలు,
హాజరు పిలిచినట్టు వరసగా అందరూ తుమ్ముతారు.

ఆ రోజు నా చేతిలో
జిల్లా ఆఫీసు పంపిన చార్టు ఉంది.
ఎదుటివారి మాట వినుట.
వారి స్థానంలో నిలుచుట.
మృదువుగా బదులిచ్చుట.
మూడు 'ట'లనూ బోర్డెక్కించాను.
పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్పారు.
నలభై రెండు గొంతులు,
ఒక్కదాంట్లోనూ మనిషి లేడు.

సుద్దముక్క ఇంకా కింద పెట్టలేదు,
తేజ లేచి ముక్కు మూసుకున్నాడు.
"టీచర్, నాగుల్ మీరాని చివరికి పంపండి.
వాడి చొక్కా కాదది, కారం డబ్బా."
తరగతంతా నవ్వింది.
మీరా కూడా నవ్వాడు.
నాకు గుచ్చుకుంది అదే,
దెబ్బ తిన్నవాడే ముందుగా నవ్వి
నవ్వేవాళ్ళకి చోటిచ్చి పక్కకి జరగడం.

ఒళ్ళు మండిపోయింది నాకు.
"నీ పేరే మిరపకాయ పేరు కదరా,
నోరు కూడా అదేనా?
మీ ఇంట్లో నేర్పేది ఇదేనా?"
అన్నాను.
అనేశాను.
ఈసారి నవ్వు అటు తిరిగింది.
తేజ కూర్చుని
బెంచీ మీద ఎప్పుడో ఎవరో చెక్కిన పేరుని
గోటితో లోతు చేస్తూ పోయాడు.
నా వీపు వెనక, బోర్డు మీద
'మృదువుగా' అన్న మాట
నన్నే చదువుతోంది.

ఇంటర్వెల్లో మీరా బల్ల దగ్గరికొచ్చాడు.
ఫిర్యాదుకేమో అనుకున్నా.
"టీచర్, మా అమ్మ పొద్దస్తమానం తొడిమలు తీసుద్ది.
ఇంటికొచ్చి సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా
వేళ్ళకి మంట పోదు.
మా చెల్లి ఏడిస్తే వేళ్ళతో కళ్ళు తుడవదు.
ఇట్టా..."
చెయ్యి తిప్పి
మణికట్టు వెనక వైపు చూపించాడు.
"ఇక్కడ కారం ఉండదు టీచర్.
ముందు చెయ్యి చూసుకుంటది,
తర్వాతే దాన్ని ముట్టుకుంటది."
అంతే. సీసా పట్టుకుని
నీళ్ళకి పరిగెత్తాడు.
నన్ను తిట్టాడో, ఓదార్చాడో,
ఊరికే ఊసుపోక చెప్పాడో
ఇప్పటికీ తేల్చుకోలేను.

మధ్యాహ్న భోజనం గంటకి
కుళాయి పక్కన తేజ ఒక్కడే ఉన్నాడు.
"పొద్దున మీ ఇంటి ఊసెత్తాను.
ఎత్తకూడదు రా," అన్నాను.
వాడు పళ్ళెం కడుగుతూనే ఉన్నాడు,
కడిగిన పళ్ళేన్నే మళ్ళీ మళ్ళీ.
నేను నిలబడ్డాను.
ఊరికే నిలబడడం చార్టులో లేదు.
చాలాసేపటికి, కుళాయితో చెప్పినట్టు అన్నాడు:
"మా నాన్న ఏటుకూరు రోడ్డు ఏసీ గొడౌన్లో బస్తాలు మోస్తాడు టీచర్.
మా ఇల్లంతా ఇదే వాసన.
నా చొక్కా నేనే రెండుసార్లు ఉతుక్కుంటా.
అయినా పోదు."

ఓహో.
నీ వాసన ఎవరూ పట్టకుండా
వేలు పక్కవాడి మీదికి చూపించావా నాయనా.
ఆ మాట పైకి అనలేదు.
ఆ రోజు నేను అనకుండా మింగిన మాటల్లో
మొదటిది అదే.

మర్నాడు చార్టు చుట్టి బీరువా మీద పెట్టేశాను.
మీరాని అడిగి, వాడు సరేనన్నాకే
వాళ్ళమ్మ చేతుల సంగతి చెప్పాను.
పిల్లలు తమ అరచేతులు తిప్పి చూసుకున్నారు.
పెద్ద మార్పొచ్చిందని చెప్పను.
వారం తిరిగేసరికి 'చెయ్యి చూస్కో'
వాళ్ళ నోట్లో ఊతపదమైంది.
క్రికెట్లో క్యాచ్ వదిలినవాడిక్కూడా అదే అంటున్నారు.
తేజా మీరా స్నేహితులేం కాలేదు.
తుమ్ములొచ్చిన పూట మాత్రం
ఒకే సీసా
అటూ ఇటూ తిరగడం చూశాను.

నేనైతే హాజరు పిలిచే ముందు
సుద్ద అంటిన చేతులు ఒకసారి చూసుకుంటాను.
కొన్ని రోజులు కారం కనిపిస్తుంది.
కొన్ని రోజులు
చూసుకోవడమే మరిచిపోతాను.